కోటిన్నర, ఎకరం స్థలం, ఒక ఫౌండ్రీ

ఒరేయ్ నాగరాజూ,

నీ వాయిస్ మెసేజ్ పదకొండు నిమిషాలుంది. మొదటిసారి ఫర్నేస్ పక్కన నిలబడి విన్నాను, సగం వినపడలేదు. రాత్రి ఇంటికొచ్చి మళ్ళీ విన్నాను. నేనూ మాట్లాడి పంపుదామనుకున్నాను గానీ, నువ్వు మధ్యలో ఆపేసి నీకు నచ్చిన ముక్క ఒక్కటీ పట్టుకుంటావు. అందుకే రాస్తున్నా. చెల్లెమ్మకు కూడా చదివి వినిపించు, డబ్బు తనది కూడా కదా.

సంగతి ఇదీ అన్నమాట: మస్కట్ నుంచి తెచ్చిన కోటిన్నర, మీ మామగారిచ్చిన హిందూపురం రోడ్డు మీది ఎకరం, పక్కన పెనుకొండలో కియా. ఇల్లరికం అల్లుడిగా ఊరికే కూర్చోలేక అల్యూమినియం కరిగించి అచ్చుల్లో పోసే ఫౌండ్రీ పెడదామంటున్నావు. మంచిదే. కానీ కియా గేటు దగ్గరగా ఉందని మాత్రం పెట్టకు. ఎర్రమంచిలో 2019లో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది, ఏడాదికి 3 లక్షల బండ్లు చేయగల ప్లాంటు, అంతా నిజమే. ఆ కంపెనీ వెంటే కొరియా సప్లయర్లు కూడా వచ్చి చుట్టూ దిగారు. కారు కంపెనీ మనలాంటివాడితో మాట్లాడదురా. అది తనకు నేరుగా సరుకిచ్చే టియర్ వన్‌తో మాట్లాడుతుంది, వాడు తనకు సరుకిచ్చే టియర్ టూతో. ఆ టియర్ టూకి మిషన్లు ఖాళీ లేనప్పుడో, ఆ పార్టు తనకు మరీ చిన్నదనిపించినప్పుడో మనం గుర్తొస్తాం. పెళ్ళి భోజనాల్లో చివరి బంతి మనది. వడ్డించేవాళ్ళతో పరిచయం ఉంటే ఆ బంతిలో కూడా కడుపు నిండుతుందనుకో.

నువ్వు పంపిన టెస్లా వీడియో చూశాను. అచ్చును 6,000 టన్నుల బలంతో బిగించే ప్రెస్సు, మోడల్ వై వెనక అడుగుభాగం ఒకే పోతగా వచ్చేస్తోంది, అంతకుముందు 70 ముక్కల దాకా అతికించేవాళ్ళు. చూడ్డానికి బాగుంది. నా షెడ్డులో ఉన్న పెద్ద మిషను 250 టన్నులది, అదీ సెకండ్ హ్యాండ్. ఆ వీడియో మనవళ్ళకు చూపించు.

నేనైతే నీ స్థలంలో నిలబడి పెనుకొండ వైపు కాదు, దక్షిణం వైపు చూస్తాను. బెంగళూరు దాటితే హోసూరు. టీవీఎస్ బైకులు అక్కడే, ఏథర్ ఎలక్ట్రిక్ స్కూటర్లు అక్కడే, ఓలావి కూడా అదే కృష్ణగిరి జిల్లాలో. తెలుగు మాట్లాడేవాళ్ళకు ఆ ఊళ్ళో కొదవ లేదు, నీ అరవం ఎంత చండాలంగా ఉన్నా గడిచిపోతుంది. ఇటు సత్యవేడు దగ్గర మదనపాలెంలో హీరో ఉంది. 2024-25లో మన దేశంలో అమ్ముడైన టూవీలర్లు 1.96 కోట్లు. కార్లు, ఎస్‌యూవీలు, వ్యాన్లు అన్నీ కలిపితే 43 లక్షలు. ప్రతి టూవీలర్‌లోనూ అల్యూమినియం పోతలున్నాయి. పెట్రోలు బండిలో క్రాంక్ కేసు, సిలిండర్ బ్లాకు, హెడ్డు, పిస్టను. ఎలక్ట్రిక్ బండిలో ఇవేవీ ఉండవు. వాటి బదులు మోటారు హౌసింగు (పై తొడుగు), వేడి పోవడానికి రెక్కలున్న కంట్రోలర్ హౌసింగు, చార్జర్ పెట్టె వచ్చాయి.

క్రాంక్ కేసు జోలికి మాత్రం పోవద్దు. ఆ పని ముప్పై నలభై ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళున్నారు. వాళ్ళ డైల (లోహం పోసే ఉక్కు అచ్చుల) ఖరీదు ఎప్పుడో రాబట్టేసుకున్నారు, పైసల దగ్గర బేరమాడి మనల్ని తొక్కేస్తారు. కొత్త పార్టుల దగ్గర మాత్రం అందరూ కొత్తవాళ్ళే. డ్రాయింగు ఆరు నెలలకోసారి మారుతుంది. నెలకు రెండు వేలు చాలంటారు, మళ్ళీ డిజైను మారుస్తారు. పెద్దవాళ్ళకు ఇది తలనొప్పి.

ఇక్కడ నీకు రెండు రకాల పోత గురించి చెప్పాలి. తెలుసులే అనకు, డిప్లొమాలో ఆ చాప్టరు నువ్వు నా పేపరు చూసి రాశావు. ప్రెషర్ డై క్యాస్టింగ్‌లో లోహం డైలోకి సెకనులో పదో వంతు కూడా పట్టకుండా దూసుకుపోతుంది. వేగం బాగుంటుంది, పైన నున్నగా వస్తుంది. కానీ గాలి లోపల చిక్కుకుంటుంది. అలాంటి ముక్కను బలం కోసం హీట్ ట్రీట్‌మెంట్‌కు పెడితే లోపలి గాలి ఉబ్బి పైన బొబ్బలు లేస్తాయి. డై ఖరీదెక్కువ, అది లక్ష షాట్లు (పోతలు) కొడితే గానీ గిట్టుబాటు కాదు. గ్రావిటీ డై క్యాస్టింగ్‌లో గరిటెతో ముంచి పోస్తాం, లోహం తన బరువుతో తనే నెమ్మదిగా నిండుతుంది. ఒక్కో ముక్కకు నిమిషాలు పడుతుంది, మనుషులు ఎక్కువ కావాలి. డై మాత్రం చాలా చవక, పైగా హీట్ ట్రీట్‌మెంట్ చేయొచ్చు. 540 డిగ్రీల దగ్గర కొన్ని గంటలుంచి, నీళ్ళలో ముంచి, మళ్ళీ 160 దగ్గర కాచితే ముక్క గట్టిపడుతుంది. బరువు మోసే బ్రాకెట్లు, బస్సుల ఎయిర్ బ్రేకు వాల్వు బాడీలు, కంప్రెసర్ హెడ్లు, ఎలక్ట్రిక్ ఆటోల మోటారు మౌంటులు ఇలాంటివి. నెలకు ఐదు వందల నుంచి ఐదు వేల దాకా కావాల్సిన ముక్కలన్నమాట. మనం బతికేది ఆ సందులోనే. నా ఆర్డర్లలో ముప్పాతిక వంతు ఇప్పుడు ఇవే.

సరే, నా పరువు పోయిన కథ కూడా విను. మూడేళ్ళ కిందట ఆగస్టులో ఒక కస్టమరుకు 400 కంట్రోలర్ హౌసింగులు పంపాను. 180 తిరిగొచ్చాయి. గాలి నింపి నీళ్ళ తొట్టిలో ముంచితే బుడగలు. ఇడ్లీ గుల్లగా ఉంటే మెచ్చుకుంటారు, క్యాస్టింగ్ గుల్లగా ఉంటే లారీలో వెనక్కి పంపుతారు. రెండు వారాలు డై కోటింగు మార్చాను, పోసే వేడి మార్చాను, ఆపరేటరును తిట్టాను, పూజ కూడా చేయించాను. చివరికి పోతల అంచులు గీకి శుభ్రం చేసే ఫెట్లింగు పని చూసే మా పెద్దాయన ఒకరోజు పొద్దున్నే ఇంగట్ల (కరిగించడానికి కొన్న అల్యూమినియం దిమ్మెల) దొంతర మీద చెయ్యి పెట్టి, "సార్, ఇవి చెమట పట్టాయి" అన్నాడు. షెడ్డు రేకు కారుతోంది. తడి ఇంగట్లు, తేమ పీల్చుకున్న ఫ్లక్సు (మలినాలు తీయడానికి వేసే పొడి), వాటి పైన వానాకాలం గాలి. కరిగిన అల్యూమినియం ఆ తేమలోంచి హైడ్రోజన్ లాక్కుంటుంది. గట్టిపడేటప్పుడు దాన్ని పట్టి ఉంచలేక వదిలేస్తుంది, అవే సూది మొన రంధ్రాలు. ఇంకా నయం, తడి ఇంగటు కరిగిన లోహంలో మునిగి ఉంటే పేలి మనుషుల మీద పడేది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే. ఇప్పుడు ప్రతి ఇంగటూ ఫర్నేస్ అంచున ఎండాకే లోపలికి పోతుంది. కరిగిన లోహంలో నైట్రోజన్ వదిలే రోటరు తిప్పి ఆ హైడ్రోజన్ గ్యాసు తీస్తాం. ప్రతి లాడిల్‌కూ ఒక చిన్న నమూనా మామూలు గాలిలో, ఇంకోటి వాక్యూమ్‌లో గట్టిపరచి, గ్యాసు మిగిలిందో లేదో తెలియడానికి వాటి సాంద్రత పోలుస్తాం. ఆ పరికరానికి పెట్టిన ఖర్చు తిరిగొచ్చిన ఆ ఒక్క లారీ నష్టం కంటే తక్కువ.

హిందూపురంలో తుక్కు చవగ్గా దొరుకుతుంది, అది కరిగిద్దాం అన్నావు చూడు, అక్కడ కూడా జాగ్రత్త. తుక్కులో బోల్టులు, ఇనుప ముక్కలు వస్తాయి, కరిగించిన కొద్దీ ఇనుము శాతం పెరుగుతుంది. ప్రెషర్ పోతకు వాడే ఏడీసీ12 అనే అల్యూమినియం మిశ్రమంలో ఇనుము 1.3 శాతం దాకా చెల్లుతుంది, పైగా ముక్క డైకి అతుక్కోకుండా అదే కాపాడుతుంది. గ్రావిటీకి వాడే ఏ356 మిశ్రమంలో 0.2 దాటకూడదు. ఆ రకానికి నువ్వు మంచి ఇంగటే కొనాలి, సర్టిఫికెట్‌తో సహా. తుక్కుదీ ఒక పెద్ద లోకంలే. అమెరికా తుక్కు వ్యాపారులు ఒక్కో రకానికి ఒక్కో పేరు పెట్టారు: జోర్బా, ట్విచ్, టెన్స్. మొదటిసారి ఇన్‌వాయిస్ చూసి కుక్కపిల్లల పేర్లనుకున్నాను. అన్నట్టు, మనం వైజాగులో చదివేటప్పుడు ఒడిశాలోని దామన్‌జోడి నుంచి పోర్టుకు రైళ్ళలో వచ్చే తెల్ల పొడి గుర్తుందా? అది నాల్కో అనే ప్రభుత్వ కంపెనీ అల్యూమినా, అల్యూమినియం తీసే ముడి పొడి. ఆ రోజుల్లో సిమెంటు అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ నాల్కో రేటు మారితే నాకు నిద్ర పట్టదు.

ఇక డబ్బు. కాగితం, పెన్ను తీసుకో. రోజుకు టన్ను మంచి క్యాస్టింగులు పంపావనుకో. నెలకు 25 టన్నులు. కస్టమరు 90 రోజులకు డబ్బిస్తాడు. అంటే ఎప్పుడు చూసినా నీ 75 టన్నుల లోహం బయట ఉంటుంది. కిలో 230 అనుకుంటే లోహం వరకే కోటి డెబ్బై రెండున్నర లక్షలు. షెడ్డు కట్టకముందే, మిషను కొనకముందే నీ కోటిన్నర చాలలేదు. ఇంగట్లు అమ్మేవాడు అంతకాలం అప్పివ్వడు. లోహం రేటు ఈ నెల పెరిగితే మన రేటు వచ్చే క్వార్టరుకు సవరిస్తారు, ఆ మధ్యలో పెరిగినదంతా మన చేతి చమురే. చిన్న యూనిట్లకు 45 రోజుల్లో కట్టకపోతే ఆ ఏడాది ఆ ఖర్చు ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోనివ్వమని 2024 ఏప్రిల్ నుంచి చట్టం ఉంది. కొందరు దారిలోకొచ్చారు. ఇంకొందరు సరుకు ఇంకా తనిఖీలోనే ఉందంటారు. చిన్న యూనిట్ అని ప్రభుత్వం దగ్గర చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషను, బిల్లులు చూపి ముందే డబ్బు తీసుకునే ట్రెడ్స్‌లో ఖాతా మొదటి రోజే చేయించు.

ఎగుమతులు మొదలుపెడదామని మీ మేనల్లుడు చెప్పినదానికి నేను ఇప్పుడే తల ఊపను. 2025లో అమెరికా తను దిగుమతి చేసుకునే అల్యూమినియం మీద సుంకం 50 శాతం చేసింది. యూరప్ వాళ్ళేమో 2026 జనవరి నుంచి అల్యూమినియం తయారీలో వెలువడిన కార్బన్‌కు లెక్క కట్టి వసూలు చేసే పద్ధతి పెట్టారు. తుక్కు నుంచి తీసిన లోహానికి కొత్తదానిలో 5 శాతం శక్తి చాలు కాబట్టి ముందు ముందు మనకే లాభం కావచ్చు. అదంతా నీ నాలుగో ఏడాది ముచ్చట.

మరి ఏం చెయ్యాలంటావా. ముందు ఫర్నేస్ కొనకు. రెండు సీఎన్‌సీ మిషన్లు (కంప్యూటరు నడిపే కోత మిషన్లు), ఒక వీఎంసీ (నిలువుగా రంధ్రాలు, గాడులు కోసే అలాంటి మిషను), ఒక లీక్ టెస్ట్ రిగ్గు, కొలతలు తీసే మంచి గది. అంతే. హైదరాబాదులో, కోయంబత్తూరులో పోసేవాళ్ళు చాలామందిమి ఉన్నాం. మాలో సగం మందికి పోసిన ముక్కను కొలతకు కోసే మెషినింగు లేదు, ముడి క్యాస్టింగు కిలోల లెక్కన అమ్ముతాం. హోసూరు వాళ్ళేమో పెట్టె విప్పి నేరుగా బిగించుకునే ముక్క కావాలంటున్నారు. మా క్యాస్టింగు తీసుకుని మెషినింగు చేసి, లీకు చూసి, ఒక్కో ముక్కకు రికార్డు పెట్టి పంపే పని నువ్వు చెయ్యి. క్యాస్టింగు జాబ్ వర్కుగా (లోహం మాది, నీకు కూలి మాత్రమే) వస్తే లోహం డబ్బు నీ నెత్తిన పడదు. రెండేళ్ళు తిరిగొచ్చిన ముక్కలను కోసి చూస్తే ఏ పోత ఎందుకు చెడుతుందో నీకే తెలుస్తుంది. ఆ తరవాత ఫర్నేస్ వెలిగించు. వాహన విడిభాగాల నాణ్యతకు ఇచ్చే ఐఏటీఎఫ్ 16949 సర్టిఫికెట్ పని మాత్రం ఆలస్యం చేయకు, అది లేకపోతే చాలా చోట్ల రేటు అడిగే ఎంక్వైరీ కాగితం కూడా చేతికివ్వరు.

ఇందులో నా స్వార్థమూ ఉందిరోయ్. నాకు మెషినింగు లేక పోయిన ఆర్డర్లు ఈ ఏడాది రెండు. పోత నాది, కోత నీది అనుకుందాం. ప్రాస కుదిరింది గానీ రేటు దగ్గర నేను గట్టిగానే ఉంటాను.

మీ వాడు డిప్లొమా అయ్యాక ఖాళీగా ఉన్నాడన్నావు. బాలానగర్‌లో సీఐటీడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1968 నుంచీ టూల్ డిజైను నేర్పుతున్నారు. నా డైలు చేసేవాడు అక్కడ చదివినవాడే. అబ్బాయిని వెంట తీసుకురా, చూపిస్తాను.

వచ్చే గురువారం పొద్దున ఆరింటికి మొదటి పోత. బుధవారం రాత్రికే దిగు, మా ఆవిడ నీకోసం పులస దొరకదు గానీ కొరమీను చేస్తానంటోంది. షెడ్డులోకి వచ్చేటప్పుడు నూలు చొక్కా, పూర్తి చేతులది, తోలు బూట్లు వేసుకో. ఆ మస్కట్ టెరిలిన్ చొక్కాతో వస్తే గేటు దగ్గరే ఆపేస్తాను. హోసూరు బ్రాకెట్ డ్రాయింగు ఒకటి నా దగ్గరుంది, అందులో రెండు రంధ్రాల టాలరెన్సు (కొలతలో ఎంత తేడా చెల్లుతుందో) నాకు అంతు పట్టడం లేదు. నీ కళ్ళద్దాలు మర్చిపోకు.

నీ
రమణ