ఆల్టర్నేటివ్ రాక్ సెట్టింగుల ప్యాక్‌లో జరిగిన పొరపాటు

మా గిటార్ ఆంప్ (యాంప్లిఫైయర్) సెట్టింగుల ప్యాక్ కొన్న వారందరికీ ఒక విషయం దాచకుండా చెప్పాలి. అందులోని ప్రధాన డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే) సెట్టింగు బ్యాండుతో కలిసి వాయించినప్పుడు సరిగా వినబడదు. ఇంట్లో బాగానే మోగిందనీ, రిహార్సల్లో డ్రమ్స్ అందుకోగానే గిటార్ మాయమైందనీ కొందరు రాసినప్పుడు, లోపం వారి స్పీకర్లలో ఉందేమో అనుకున్నాను. తర్వాత బేస్ గిటార్, డ్రమ్స్ ట్రాకులు పెట్టుకుని నేనే వాయించి చూస్తే తప్పు నాదేనని తేలింది.

ఆ సెట్టింగును తక్కువ వాల్యూములో, గిటార్ ఒక్కదాన్నే వింటూ తయారుచేశాను. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ (కింది శబ్దాలు), కొంతవరకు ట్రెబుల్ (పై శబ్దాలు) పలచగా వినబడతాయి కాబట్టి ఆ రెండింటినీ పెంచి, మధ్య శబ్దాలైన మిడ్‌ను 2కు దించి, శబ్దం గరుకును పెంచే గెయిన్‌ను 9 దాకా తీసుకెళ్లాను. మిడ్ తీసేసిన గిటార్‌లో కింద మిగిలింది బేస్ గిటార్, కిక్ డ్రమ్‌ల కింద పడి నలిగిపోతుంది; పైన మిగిలింది డ్రమ్స్ సెట్టులోని లోహపు పళ్లేలైన సింబల్స్‌లో కలిసిపోతుంది. గెయిన్ మితిమీరితే మెల్లగా మీటినా గట్టిగా మీటినా శబ్దం ఒకే స్థాయిలో వస్తుంది. ఈ సంగీతానికి దూకుడునిచ్చేదే పిక్ (తీగలు మీటే బిళ్ల) దెబ్బ; నేను దాన్నే చంపేశాను.

కొత్త సెట్టింగు మార్షల్ జేసీఎం800 ఆంప్ తరహా మోడల్‌పై ఉంది: గెయిన్ 5, బేస్ 4, మిడ్ 7, ట్రెబుల్ 6, ప్రెజెన్స్ (బాగా పై శబ్దాల మెరుపు) 5. దాని ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్‌ను డ్రైవ్ (పెడల్ సొంత గరుకు) దాదాపు సున్నాలో, లెవెల్ (ఆంప్‌కు పంపే శబ్దం) బాగా పెంచి పెట్టాను. ఆ పెడల్ కింది శబ్దాలను తగ్గించి ఆంప్‌కు పంపుతుంది కాబట్టి, డ్రాప్ డి (ఆరో తీగను డి స్వరానికి దించే) ట్యూనింగులో ఆరో తీగ 82 హెర్ట్జ్ నుంచి 73కు దిగినా పామ్ మ్యూట్ (అరచేతి అంచును తీగలపై ఆనించి మీటడం) బురదగా మారదు. ఒంటరిగా వింటే ఇది కాస్త ముక్కుతో పాడినట్టే ఉంటుంది. దయచేసి డ్రమ్స్‌తో కలిపి విన్న తర్వాతే తీర్పు చెప్పండి.

రికార్డుల్లో వినబడే మందం గెయిన్‌తో వచ్చింది కాదు. మళ్లీ మళ్లీ వచ్చే ఒకే చిన్న గిటార్ వరస, అంటే రిఫ్‌ను రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పంపితే అది వస్తుంది. ఒకే ట్రాకును కాపీ చేసి రెండు వైపులా పెడితే రాదు.

ఫజ్ (మరింత ముతక డిస్టార్షన్) సెట్టింగును కూడా సవరించాను. స్మాషింగ్ పంప్కిన్స్ బ్యాండ్ 1993 ఆల్బమ్‌లో వాడిన బిగ్ మఫ్ తరహా పెడల్‌లోనే మిడ్ పల్లం (మధ్య శబ్దాల తగ్గుదల) ఉంటుంది కనుక, ఆంప్‌లో మిడ్‌ను 8కి పెంచి గెయిన్ బాగా తగ్గించాను.

ఈ అంకెలు హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) ఉన్న గిటార్‌తో కుదిర్చినవి. సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ పికప్) అయితే ట్రెబుల్ ఒక అంకె దించి, గెయిన్ ఒక అంకె పెంచండి.

పాత ప్యాక్ కొన్నవారు అదే డౌన్‌లోడ్ లింకులో సవరించిన ఫైళ్లను ఉచితంగా తీసుకోవచ్చు. డబ్బు వెనక్కి కావాలనుకునేవారు ఒక మాట రాస్తే చాలు. డ్రాప్ సి (డ్రాప్ డి కన్నా ఇంకా కిందికి దించిన ట్యూనింగు) సెట్టింగులు మాత్రం ఇంకా డ్రమ్స్‌తో పరీక్షించలేదు కనుక వాటిని ప్రస్తుతానికి తీసేశాను.