మీ రోజ్ రంగు వెలిసిపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం.

విషయం: ఆర్టిస్ట్ గ్రేడ్ ఆయిల్ రంగుల్లో రోజ్ ట్యూబు, పిగ్మెంటు (రంగునిచ్చే పొడి) కోడ్ లేని కొత్త బ్యాచ్.

మీ రోజ్ ట్యూబును నేను చాలా కాలంగా వాడుతున్నాను. నిరుడు కొన్న బ్యాచ్‌తో వేసిన బొమ్మల్లో ఆ రంగు వెలిసిపోయింది. అవి ఇంట్లో ప్రాక్టీసు కోసం వేసుకున్నవి కావు. గ్యాలరీల్లో పెట్టినవి, వాటిలో కొన్ని అమ్ముడైనవి కూడా. మీ కస్టమర్ కేర్‌కు ఇదివరకే రాశాను. వచ్చిన జవాబులో నా ప్రశ్నకు సమాధానం లేదు కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

ఏడాదంతా నేను వీధిలో కనిపించే మనుషుల మొహాలే వేశాను. చెప్పులు కుట్టే పెద్దాయన, బస్సు కోసం నిలబడి నిద్రలో తూగుతున్న పిల్ల, గులాబీ రంగు టార్పాలిన్ కింద కూరగాయలు అమ్మే ఆవిడ. అక్కడే నిలబడి స్కెచ్ వేసుకుని, ఇంటికొచ్చి కాన్వాస్ ముందు కూర్చునేదాన్ని. వీధిలో ఒక మొహం మీద పడే వెలుగు ఎప్పుడూ ఒక్క రంగులో ఉండదు. టార్పాలిన్ మీద నుంచి వచ్చే గులాబీ కాంతి దవడ కిందకి జారుతుంది, దుకాణం బోర్డు వెలుగు చెవి అంచున పడుతుంది. నేను పట్టుకోవాలనుకున్నది దాన్నే. అందుకని టైటానియం వైట్, ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు, మీ రోజ్ కలిపి చర్మం రంగు చేసుకున్నాను. నీడలకు రోజ్‌లో అల్ట్రామెరీన్ నీలం కలిపాను. అంటే ప్రతి మొహంలోనూ మీ ట్యూబు ఉంది.

బొమ్మలు ఒక గ్యాలరీ నుంచి ఇంకో గ్యాలరీకి వెళ్లాయి. చివరి ప్రదర్శనకు ఆ కూరగాయలావిడ వచ్చింది. తన బొమ్మ ముందు కాసేపు నిలబడి, "నాకు కామెర్లొచ్చినట్టు వేశావేంటమ్మా?" అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆవిడ అన్నది నిజం. రోజ్ పోయి తెలుపూ ఆకరూ మిగిలాయి, నీడలు ఒట్టి నీలంగా తేలాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక పోర్ట్రెయిట్ కొన్నవారు ఫోన్ చేసి పెదాలు కనిపించడం లేదన్నారు.

మీ కస్టమర్ కేర్ చెప్పిన కారణాలు మూడు. ఎండలో పెట్టి ఉంటారు, రంగులో ఉండే లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పసుపెక్కి ఉంటుంది, లేదా వార్నిష్ తేడా చేసి ఉంటుంది.

వార్నిష్ సంగతి ముందు తేల్చేద్దాం. ఆయిల్ బొమ్మకు చివరి వార్నిష్ వేయడానికి మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగుతారు. వీటికి ఇంకా వేయనే లేదు. ఇక ఎండ. గ్యాలరీల్లో బొమ్మలున్న గదులకు కిటికీలు లేవు. ఉన్నవి ఎల్ఈడీ దీపాలు, వాటి నుంచి అతినీలలోహిత కిరణాలు దాదాపు రావు. ఆయిల్ చిత్రాలకు మ్యూజియాలు సాధారణంగా పాటించే 200 లక్స్ (వెలుతురు కొలత) దగ్గరే వెలుతురు పెట్టారు. ఆ మాత్రం వెలుతురుకు ఏడాది కూడా నిలవని రంగుకు ఆర్టిస్ట్ గ్రేడ్ అన్న పేరెందుకు?

అసలు రుజువు ఫ్రేమ్ చూపించింది. ఫ్రేమ్ విప్పితే, దాని లోపలి అంచు కింద దాగిన సన్నటి పట్టీలో రోజ్ ఇంకా వేసినప్పటిలాగే ఉంది. ఆ పట్టీ పక్కనే, వెలుతురు తగిలినచోట, పాలిపోయింది. అదే కాన్వాస్, అదే మిశ్రమం, ఒకే రోజు వేసిన పూత. లిన్‌సీడ్ ఆయిల్ చీకట్లో ఎక్కువగా పసుపెక్కుతుంది, వెలుతురులో పెడితే ఆ పసుపు చాలావరకు తగ్గుతుంది. తప్పు నూనెదే అయితే ఫ్రేమ్ కింద పట్టీయే పసుపుగా ఉండాలి కదా? ఇక్కడ జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఫోటోలు జత చేశాను, దయచేసి ఈసారైనా తెరిచి చూడండి.

నా దగ్గర మీ పాత రోజ్ ట్యూబు కూడా ఉంది. దాని మీద పిగ్మెంటు కోడ్ పీవీ19 అని స్పష్టంగా ఉంది. అది క్వినాక్రిడోన్, వెలుతురుకు బాగా తట్టుకుంటుందని పేరున్న పిగ్మెంటు. కొత్త ట్యూబు మీద పేరు అదే, లేబుల్ డిజైన్ అదే, కాంతి నిలకడకు వేసే మూడు నక్షత్రాలూ అలాగే ఉన్నాయి. కోడ్ మాత్రం మాయమైంది. రెంటినీ వైట్‌లో పలచగా కలిపి, సగం పట్టీని అల్యూమినియం రేకుతో కప్పి కిటికీ దగ్గర పెట్టాను. పాత రోజ్‌లో మార్పు లేదు. కొత్తది రేకు లేని వైపు తేలిపోయింది. ట్యూబులోంచి తీసింది తీసినట్టు దట్టంగా పూసినచోట తేడా తక్కువే. తెలుపు కలిపిన చోటే ఎక్కువ వెలుస్తుందని రంగులు తయారుచేసే మీకు నేను చెప్పాల్సిన పని లేదు. మొహాలు వేసేవాళ్లు వాడేదేమో ఎప్పుడూ తెలుపు కలిపిన రోజే.

చిత్రకారుడు వాన్ గో 1888లో వేసిన తన పడకగది బొమ్మలో గోడలు అప్పట్లో ఊదా రంగు. అందులోని ఎరుపు వెలిసిపోయి ఇప్పుడు నీలంగా కనిపిస్తున్నాయి. ఆ రోజుల్లో గులాబీ రంగులకు ఇంత నిలకడైన పిగ్మెంటు లేదు. క్వినాక్రిడోన్లు మార్కెట్లోకి వచ్చింది 1958లో. మీ దగ్గర నిన్నమొన్నటి దాకా అదే ఉంది, మీరే మార్చారు. ఖర్చు తగ్గించుకోవడానికే మార్చి ఉంటారని నా అనుమానం. మార్చుకోండి, అది మీ వ్యాపారం. కానీ కొనేవాళ్లకు చెప్పకుండా, అదే పేరుతో, కోడ్ తీసేసి అమ్మడాన్ని ఏమనాలి? ఆర్టిస్ట్ ఆయిల్ రంగులకు ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన డీ4302 అనే ప్రమాణం ఉంది. అది పాటించే కంపెనీలు ట్యూబు మీదే పిగ్మెంటు పేరూ, కోడూ, కాంతి నిలకడ గ్రేడూ వేస్తాయి. మీ నక్షత్రాలు ఏ పరీక్ష ఆధారంగా ఇచ్చారో లేబుల్ మీద ఎక్కడా లేదు.

కొత్త బ్యాచ్‌లో వాడిన పిగ్మెంటు కోడ్ నాకు రాతపూర్వకంగా కావాలి, దానికి చేసిన కాంతి పరీక్ష రిపోర్టుతో సహా. ఆ బ్యాచ్‌ను షాపుల నుంచి వెనక్కి తీసుకోండి. దానితో పని చేస్తున్నవాళ్లు ఇంకా ఎంతమందో, వాళ్లకు ఈ సంగతి ఇంకా తెలియకపోవచ్చు. నా బొమ్మల విషయానికొస్తే, కొన్నవారికి నేను డబ్బు వాపసు ఇవ్వాల్సి వస్తోంది, మిగతావాటిలో మొహాల మీద మళ్లీ గ్లేజులు (పలచటి రంగు పూతలు) వేయాలి. ఆ నష్టం మీరు భరించాలి. లెక్క విడిగా పంపుతున్నాను. కొత్త ట్యూబుల సెట్టు ఉచితంగా పంపుతామని మీ మెయిల్లో రాశారు, అది నాకు వద్దు.

సీలు తీయని ట్యూబు ఒకటి నా దగ్గర ఉంది. పరీక్షకు కావాలంటే అందులో సగం మీకు పంపుతాను. మిగతా సగం, పాత ట్యూబుతో పాటు, బయటి ల్యాబ్‌కు పంపడానికి దగ్గర పెట్టుకుంటున్నాను. నెలాఖరులోగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ రంగులు వాడే ఒక చిత్రకారిణి

జతపరచినవి: ఫ్రేమ్ విప్పిన తర్వాత తీసిన ఫోటోలు, రెండు ట్యూబుల లేబుళ్ల ఫోటోలు, రేకు పరీక్ష ఫోటోలు, కొనుగోలు బిల్లు.