ఉత్త వాల్వ్ స్ప్రింగులు ఇక అమ్మడం లేదు

మా హెడ్ వర్క్ షాపు (ఇంజిన్ పైన వాల్వులుండే సిలిండర్ హెడ్‌ని బాగుచేసే చోటు) కస్టమర్లందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ఒక పద్ధతి మారుస్తున్నాం. బండిలో ఏ క్యామ్ (వాల్వులని తెరిచే షాఫ్ట్) ఉందో, ఇంజిన్‌ని ఎంత ఆర్పీఎం దాకా లాగుతారో చెప్పకుండా "అన్నా, గట్టి స్ప్రింగులు ఒక సెట్ పంపు" అంటే ఇక పంపం. దీనివల్ల కొంత వ్యాపారం పోతుందని తెలుసు. నిజం చెప్పాలంటే హెడ్ పని కంటే స్ప్రింగులు కొరియర్ చేయడంలోనే మాకు లాభం ఎక్కువ, చేతికి గ్రీజు కూడా అంటదు. అయినా ఆపేస్తున్నాం. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

తెరుచుకున్న వాల్వ్‌ని తిరిగి మూసేది వాల్వ్ స్ప్రింగ్. గట్టి స్ప్రింగ్ అంటే ఎంత గట్టి, ఏ ఎత్తు దగ్గర గట్టి? ఒక లెక్క చూడండి. హెడ్‌లో 36 మి.మీ. ఎత్తున కూర్చునే స్ప్రింగ్ అనుకుందాం. వాల్వ్ మూసి ఉన్నప్పుడు 25 కిలోలతో నొక్కుతోంది, ఒక్కో మిల్లీమీటరు నొక్కుకున్నకొద్దీ 4 కిలోలు పెరుగుతోంది. వాల్వ్ 9 మి.మీ. లేస్తే లోడ్ 61 కిలోలు, స్ప్రింగ్ ఎత్తు 27. చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఎత్తు 25.5 అయితే ఇంకా ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. బాగానే ఉంది. ఇప్పుడు "ఇంకాస్త టైట్" అని కింద ఒక మిల్లీమీటరు షిమ్ (పలుచని బిళ్ళ) వేశారనుకోండి. సీటు మీద (వాల్వ్ మూసి ఉన్నప్పుడు) పెరిగింది 4 కిలోలే, ఖాళీ మాత్రం అర మిల్లీమీటరుకి దిగింది. ఆ సెటప్ మీదే వాల్వ్‌ని 10 మి.మీ. లేపే క్యామ్ ఎక్కిస్తే చుట్లు పూర్తిగా ఆనుకుపోతాయి, అప్పుడది స్ప్రింగ్ కాదు, ఇనప దిమ్మ. రాకర్ (క్యామ్ కదలికని వాల్వ్‌కి అందించే మీట) విరగడమో, రిటైనర్ (స్ప్రింగ్‌ని పైన పట్టి ఉంచే మూత) పగలడమో, క్యామ్ ముక్కు చెక్కుకుపోవడమో, ఏదో ఒకటి తప్పదు. రిటైనర్ అడుగు భాగం వాల్వ్ సీల్‌కి (ఆయిల్ కిందికి దిగకుండా ఆపేది) కొట్టుకోకుండా ఉందా అన్నది కూడా ఇప్పుడే చూడాలి. చాలామంది అది సీలు చిరిగి పొగ వచ్చాక చూస్తారు.

ఆర్పీఎం ఎందుకు అడుగుతున్నామంటే, వాల్వ్, రిటైనర్, టాపెట్ (క్యామ్ నొక్కితే వాల్వ్‌ని కదిలించే ముక్క) క్యామ్‌ని వదిలి ఎగిరిపోకుండా పట్టుకోవడమే స్ప్రింగ్ పని. ఆ ఎగిరే బలం ఆర్పీఎం స్క్వేర్‌లో పెరుగుతుంది. 7000 నుంచి 8000కి వెళ్తే వేగం పెరిగింది ఏడో వంతే, బలం పెరిగింది 30 శాతం పైన. అందుకే స్ప్రింగ్‌ని బలిపించే ముందు పైనున్న బరువు తగ్గించగలమా అని చూస్తాం. పైకి వెళ్ళేకొద్దీ సన్నబడే బీహైవ్ స్ప్రింగులకు చిన్న రిటైనర్ సరిపోతుంది. సగం పని అక్కడే అయిపోతుంది.

టర్బో బండ్లలో ఇంకో లెక్క ఉంది. వాల్వ్ తలకాయ 27 మి.మీ. అయితే, చదరపు సెంటీమీటరుకి కిలోన్నర బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) దాన్ని వెనక నుంచి దాదాపు ఎనిమిదిన్నర కిలోలతో తెరవడానికి నెడుతుంది. సీటు లోడ్‌లోంచి అది తీసేశాక మిగిలిందే మీ స్ప్రింగ్. అలాగని రోజూ ఆఫీసుకి వెళ్ళే బండికి రేస్ స్ప్రింగ్ అక్కర్లేదు. క్యామ్, టాపెట్ ముఖాలు తొందరగా అరిగిపోతాయి, టైమింగ్ బెల్ట్ మీద కూడా భారం పెరుగుతుంది. దానివల్ల మీకు కలిసొచ్చేదేమీ లేదు.

ప్యాకెట్ మీద రాసింది నమ్మడం కూడా మానేశాం. ఈమధ్య వచ్చిన ఒక సెట్‌ని టెస్టర్ మీద 36 మి.మీ. దగ్గర పెట్టి చూస్తే చాలావరకు 25, 26 కిలోలు చూపించాయి, మూడు మాత్రం 21 దగ్గరే ఆగిపోయాయి. డబ్బా మీద ఎర్ర అక్షరాలతో 'రేసింగ్' అని ఉంది. వాపసు తీసుకోమంటే సప్లయర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇకనుంచి మా దగ్గర వేసే ప్రతి స్ప్రింగ్ రీడింగూ రాసి, ఆ కాగితం బిల్లుతో పాటు మీ చేతికిస్తాం.

టాపెట్ల సంగతి, వాటి దగ్గర వదిలే గ్యాప్ సంగతి బండిని బట్టి. మొదటి తరం సిటీ 1.5 వీటెక్‌లో గ్యాప్‌ని స్క్రూతో సరిచేసే రాకర్లే కాబట్టి గొడవ తక్కువ. కంపెనీ క్యామ్ అయితే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.18 నుంచి 0.22, ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27 మి.మీ. గ్యాప్ పెడతాం. వేరే క్యామ్ వేస్తే ఆ క్యామ్ చేసినవాళ్ళు చెప్పిన గ్యాపే లెక్క.

స్విఫ్ట్ 1.2 కే సిరీస్ వాళ్ళు జాగ్రత్తగా చదవండి. ఇందులో బకెట్ టాపెట్లు (వాల్వ్ పైన బోర్లించిన గిన్నెల్లాంటివి), విడి షిమ్ ఉండదు, గ్యాప్ మార్చాలంటే బకెట్టే మార్చాలి. పాత క్యామ్‌ని రీగ్రైండ్ చేయిస్తే బేస్ సర్కిల్ (క్యామ్‌లో ముక్కు లేని గుండ్రటి భాగం) తగ్గుతుంది, తగ్గినంత మందం బకెట్‌లో రావాలి. బకెట్ వెడల్పు కూడా ఒక హద్దే: క్యామ్ వాల్వ్‌ని మరీ వేగంగా లేపేలా గ్రైండ్ చేస్తే ముక్కు బకెట్ అంచు దాటి బయటికి వెళ్ళి అంచునే గీరుతుంది. అలాంటి క్యామ్ తెస్తే ఎంత బతిమాలినా మేం బిగించం.

ఆక్టేవియా ఆర్ఎస్ 1.8 టర్బోలో హైడ్రాలిక్ బకెట్లు (ఆయిల్‌తో గ్యాప్‌ని తామే సరిచేసుకునేవి). గ్యాప్ సెట్టింగ్ గోల లేదు, శబ్దం రాదు, వీధిలో తిరిగే బండికి అవే మంచివి. చిక్కల్లా వాల్వ్ ఫ్లోట్ అయినప్పుడు, అంటే క్యామ్‌ని వదిలి ఎగిరినప్పుడు. మధ్యలో వచ్చిన ఖాళీని టాపెట్ ఆయిల్‌తో నింపేసుకుంటుంది, ఆ తర్వాత వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పోతుంది, పై ఆర్పీఎంలో పికప్ చచ్చిపోతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలుతుంది. ఇలా వచ్చిన బండికి జనం ముందు టర్బో విప్పుతారు! చాలాసార్లు సరైన స్ప్రింగ్, మంచి ఆయిల్ ప్రెషర్ ఉంటే హైడ్రాలిక్ టాపెట్లే చాలు. ఆర్పీఎం బాగా పెంచి ట్రాక్‌కే వాడేవాళ్ళకి మాత్రం సాలిడ్ (హైడ్రాలిక్ కాని) బకెట్లు. వాటికి గ్యాప్ చెకింగ్ తప్పదు, అది ఒప్పుకుంటేనే వేస్తాం.

పాత అంబాసిడర్, పద్మిని ప్రేమికులకి ఒకటే మాట. కొత్త క్యామ్‌కి పాత టాపెట్లు వేయమని అడగకండి. వాటి ముఖం చూడ్డానికి చదునుగా ఉన్నా మధ్యలో వెంట్రుకవాసి ఉబ్బుగా ఉంటుంది, ఆ ఉబ్బు వల్లే టాపెట్ తన చుట్టూ తాను తిరుగుతూ సమంగా అరుగుతుంది. అరిగిన ముఖం తిరగదు, కొత్త క్యామ్‌ని తినేస్తుంది. (ఆర్ఎక్స్ 100కి వాల్వ్ స్ప్రింగులు అడిగిన తమ్ముడికి: నీ బండిలో అసలు ఆ వాల్వులే లేవు నాయనా, అది టూ స్ట్రోక్.)

ధరలు కూడా పెరుగుతున్నాయి. బయటి దేశాల నుంచి వచ్చే సెట్లకి కస్టమ్స్, షిప్పింగ్ మీరే భరించాలి, రెండు నెలల దాకా పట్టొచ్చు. అంతకన్నా ముందే ఇస్తామని మాత్రం మాట ఇవ్వలేం. ఉత్త స్ప్రింగులకి ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్ళు క్యామ్ వివరాలు పంపితే సరిచూసి పంపుతాం, వద్దనుకుంటే డబ్బులు పూర్తిగా వెనక్కి ఇస్తాం. హెడ్ పంపేవాళ్ళు రిటైనర్లు, లాకులు, స్ప్రింగ్ కింది సీట్లు, పాత షిమ్‌లు కూడా కలిపి పంపండి. టాపెట్లు ఏది ఏ వాల్వుదో నంబరు రాసి విడివిడి కవర్లలో పెట్టండి, అన్నీ ఒకే సంచిలో పోసి పంపొద్దు.