యంత్రం రాసిన దానికి మాట పడేది ఎవరు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. కృత్రిమ మేధ మీద మొన్న మీరు రాసిన సంపాదకీయం చదివాను. బాగానే ఉంది కానీ అందరూ రాసేదే మీరూ రాశారు, ఉద్యోగాలు పోతాయా పోవా, పాతవి పోతే కొత్తవి వస్తాయిలే అని. ఉన్న ఉద్యోగం ఉన్నట్టే ఉంటూ లోపల ఏమవుతోందో మాత్రం ఎవరూ రాయడం లేదు, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైతే కత్తిరించుకోండి, ఆ కత్తిరించేది మనిషే అయితే నాకు అభ్యంతరం లేదు.

నేను 18 ఏళ్లుగా అనువాదాలు చేస్తున్నాను. కథలూ నవలలూ కావు, చేసినవాళ్ల పేరు ఎవరూ అడగని రకం. మిషన్లతో వచ్చే చిన్న పుస్తకాలు, బీమా షరతులు, మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉండే కాగితాలు. ఇదివరకు ఇంగ్లిష్ ప్రతి ఒక్కటే పంపేవారు, మాటకింత అని లెక్క. ఇప్పుడు యంత్రం చేసిన అనువాదాన్ని కూడా జతచేసి, 'పని దాదాపు అయిపోయిందండీ, ఒకసారి చూసి ఇచ్చేయండి' అంటున్నారు. దీనికి పోస్ట్ ఎడిటింగ్ అని ఒక పేరు. రేటు పాతదాంట్లో సగం కూడా లేదు. అదేమంటే, చూడ్డమే కదా అంటారు.

ఆ చూడ్డం ఎలా ఉంటుందో ఒక్కటి చెప్తాను. ఆ మధ్య ఒక మందు కాగితం వచ్చింది. ఇంగ్లిష్‌లో 'ఎవ్రీ అదర్ డే' అని ఉంది, అంటే రోజు విడిచి రోజు వేసుకోవాలని. యంత్రం 'ప్రతిరోజూ ఒక మాత్ర వేసుకోవాలి' అని రాసింది. వాక్యంలో వంక పెట్టడానికి లేదు, నేను రాసినా అలాగే రాస్తాను, అర్థం ఒక్కటే తప్పు. పాత యంత్రాలైతే 'ప్రతి ఇతర రోజు' అని ఏదో ఒకటి రాసేవి, చదవగానే పంటికింద రాయిలా తగిలేది, నవ్వుకుని దిద్దేవాళ్లం. ఇప్పటివి నున్నగా రాస్తాయి, తప్పు కూడా అంతే నున్నగా ఉంటుంది. అప్పటికి నేను 11వ పేజీలో ఉన్నాను, సాయంత్రంలోగా ఇచ్చేయాలన్న టెన్షన్ ఒకటి, నా కళ్లు ఆ వాక్యం మీదుగా జారిపోయాయి. రెండు పేజీల తర్వాత మోతాదుల పట్టికలో '30 రోజులకు 15 మాత్రలు' అని చూసి, రోజుకొకటైతే 30 ఉండాలి కదా అని గుండె గతుక్కుమని వెనక్కి వచ్చాను. ఆ పట్టికే లేకపోతే ఆ కాగితం అలాగే అచ్చయ్యేది, 'సరిచూసినవారు' అన్నచోట నా సంతకంతో.

ఇలాంటి పొరపాటు ఎందుకు వస్తుందో కొంత ఊహించవచ్చు. ఈ యంత్రాలు ఇంతవరకు వచ్చిన మాటలను బట్టి తర్వాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో లెక్కగట్టి రాస్తాయి. మందు కాగితాల్లో 'ప్రతిరోజూ' అన్నది వందసార్లు కనబడితే 'రోజు విడిచి రోజు' ఎప్పుడో ఒకసారి కనబడుతుంది. ఆ ఒక్కసారే రోగికి ముఖ్యం. పనిలో కష్టమంతా ఆ ఒక్కచోటనే ఉంది, డబ్బు మాత్రం యంత్రం సులువుగా చేసిన మిగతా భాగాన్ని చూసి తగ్గించారు.

నాకు యంత్రమంటే పగేమీ లేదు, నేనూ వాడతాను. బీమా షరతుల్లో ఊపిరాడనివ్వని వాక్యాలుంటాయి, వాటిని ముక్కలు చేసి చూపించమంటే చక్కగా చూపిస్తుంది. నేను అడిగి తెచ్చుకున్న సాయం అది. నా కష్టమంతా దాని ఖాతాలో వేసి, దాని తప్పులు నా ఖాతాలో వేస్తేనే ఒళ్లు మండుతుంది.

2023లో అమెరికాలో సినిమా, టీవీ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు, మే 2న మొదలై సెప్టెంబర్ చివరిదాకా. యంత్రాలు వద్దని చేశారనుకునేవాళ్లే ఎక్కువ. ఒప్పందం చూస్తే అలా లేదు. రచయిత చేతికిచ్చే సరుకులో యంత్రం రాసింది ఉంటే ఆ సంగతి కంపెనీ చెప్పాలి, యంత్రాన్ని వాడి తీరాలని రచయితను బలవంతం చేయకూడదు, యంత్రం ముక్కను సాకుగా చూపి రచయిత పేరునూ హక్కులనూ తగ్గించకూడదు. ఆ మూడోది చదివినప్పుడు వీళ్లకు మా బాధ ఎలా తెలిసిందా అనిపించింది. కాకపోతే వాళ్లకు సంఘం ఉంది. మేము ఎవరింట్లో వాళ్లం, ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లం, నేను కాదంటే ఆ రేటుకే ఇంకొకరు ఒప్పుకుంటారు, వాళ్లెవరో కూడా నాకు తెలియదు.

కంపెనీల తీరు చూడాలంటే ఎయిర్ కెనడా విమాన సంస్థ కేసు ఒక్కటి చాలు. సొంత మనిషి చనిపోయి ప్రయాణం కట్టిన ఒకాయనకు, ఇప్పుడు పూర్తి ధరకు టికెట్ కొనుక్కుని తర్వాత 90 రోజుల్లోగా రాయితీకి అర్జీ పెట్టుకోవచ్చని వాళ్ల వెబ్‌సైట్‌లో ప్రశ్నలకు జవాబులిచ్చే యంత్రం, అంటే చాట్‌బాట్, చెప్పింది. తీరా అడిగితే, అలాంటి వెసులుబాటు లేదన్నారు. వ్యవహారం ట్రిబ్యునల్ దాకా వెళ్లింది, అక్కడ ఆ సంస్థ చేసిన వాదన ఏమిటంటే, చాట్‌బాట్ వేరే చట్టబద్ధమైన వ్యక్తి లాంటిది, దాని పనులకు అదే బాధ్యురాలు అని! 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి డబ్బు కట్టమంది. ఖర్చు మిగిలినంతసేపూ చాట్‌బాట్ వాళ్లదే, మాట పడాల్సిన రోజున ఎవరో పరాయి మనిషైపోయింది.

మీ వృత్తిలో జరిగిందీ మీకు తెలిసే ఉంటుంది. 2025 మేలో అమెరికా పత్రిక చికాగో సన్‌టైమ్స్ వేసవిలో చదవాల్సిన పుస్తకాలని 15 పేర్లు వేస్తే, అందులో 10 పుస్తకాలు అసలు లేనే లేవు. రచయితలు నిజం, పుస్తకాలు కల్పన. బయటి సంస్థ నుంచి వచ్చిన అనుబంధం అది, రాసినాయన ఏఐని వాడి సరిచూడకుండా ఇచ్చానని ఒప్పుకున్నాడు. అందరూ ఆయన్ని తిట్టారు, తిట్టాల్సిందే. కానీ ఆయన చేతి నుంచి పాఠకుడి చేతికి చేరేలోపు ఎన్ని బల్లలు దాటి ఉంటుంది? ఒక్క పుస్తకం పేరైనా ఎవరూ వెతికి చూడలేదు. అలా చూసే మనుషులనే ఎక్కడైనా ముందు తగ్గిస్తున్నారు, చూడ్డమే కదా అని.

ఇక ఈ యంత్రాలు నేర్చుకున్నది ఎవరి రాతల నుంచి అన్నది పెద్ద తగువు. అమెరికాలో రచయితలు వేసిన ఒక కేసులో ఇలాంటి యంత్రాలు తయారుచేసే ఆంత్రోపిక్ కంపెనీ 2025లో 150 కోట్ల డాలర్లకు రాజీపడింది, పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. యంత్రానికి పుస్తకాలు నేర్పడం తప్పు కాదనే జడ్జి అన్నారు, పైరసీ సైట్ల నుంచి పుస్తకాలు దించుకుని దాచుకోవడం దగ్గరే పట్టుబడ్డారు. అంటే కొనుక్కుని నేర్పి ఉంటే రచయితకు దక్కేది ఒక్క కాపీ మీద వచ్చేదే. దీంట్లో న్యాయమెంత అని ఆలోచిస్తే నాకు ఇప్పటికీ తెగదు. నా మందు కాగితాలూ ఎక్కడో ఆ కుప్పలో కలిసే ఉంటాయి, వాటికైతే రచయిత ఎవరని అడిగే నాథుడే లేడు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. యంత్రం చేసిన పనిని మనిషి చేత దిద్దిస్తే మాటల లెక్కన కాకుండా గంటల లెక్కన ఇవ్వండి, ఎందుకంటే నున్నటి తప్పును పట్టుకోవడానికి పట్టేది సమయమే. కింద సంతకం నాదైనప్పుడు, యంత్రం ఎక్కడెక్కడ రాసిందో కూడా అక్కడే అచ్చువేయండి, చదివేవాళ్లు ఎంత నమ్మాలో వాళ్లు చూసుకుంటారు. నాకు పనులు పంపే ఏజెన్సీ వాళ్లకు ఈ మాట చెప్తే, అలా వేస్తే క్లయింట్లు భయపడతారండీ అన్నారు. భయపడతారని తెలిసే దాస్తున్నారన్నమాట.

చివరగా మీ పేజీ గురించే ఒక మాట. మీ సంపాదకీయం పక్కన ఒక బొమ్మ వేశారు, ఒక మనిషి చేయి, ఒక లోహపు చేయి ఒకే కలాన్ని పట్టుకున్నట్టు. ఆ మనిషి చేతికి బొటనవేలు కాక ఐదు వేళ్లున్నాయి, మా పాప లెక్కపెట్టి చూపించింది. మీ పేజీలో బొమ్మలకు కుడివైపు మూల చిన్న అక్షరాల్లో చిత్రకారుడి పేరు ఉండేది, ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. ఈసారి ఆ మూల ఖాళీగా ఉంది. ఆ బొమ్మ ఎవరు గీశారో, ఎవరూ గీయకపోతే దాన్ని చూసి సరేనన్నది ఎవరో రేపటి సంచికలో ఒక్క ముక్క వేయగలరా?

ఇట్లు,
ఒక అనువాదకురాలు