రెండు రోజులూ ఒకే వరుసలో, ఒక్క మాటా లేకుండా: సదస్సు నిర్వాహకులకు ఒక ఫిర్యాదు లేఖ

విషయం: 'పరిచయాల వేదిక' పేరుతో విడిగా రుసుము తీసుకుని, ప్రతినిధులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలు కల్పించకపోవడం గురించి.

సదస్సుల నిర్వహణ సంస్థ, ప్రతినిధుల సేవా విభాగాధిపతి గారికి,

నమస్కారములు.

మీ సంస్థ ఇటీవల రెండు రోజుల పాటు నిర్వహించిన నీటి సరఫరా ఇంజనీర్ల సదస్సుకు నేను ప్రతినిధిగా హాజరయ్యాను. భూమిలో పాతిన పైపుల్లో నీరు ఎక్కడ కారిపోతోందో కనిపెట్టడం నా ఉద్యోగం. సదస్సు ఏర్పాట్లలో మర్యాదకు లోటు లేదు, మైకులు సరిగా పనిచేశాయి, మీ సిబ్బంది ఓపికగా దారి చూపించారు. అయినా ఈ ఫిర్యాదు రాయవలసి వచ్చింది. నమోదు రసీదులో 'పరిచయాల వేదిక' అని ప్రత్యేకంగా ఒక పద్దు చూపించి మీరు తీసుకున్న డబ్బుకు తగిన సేవ నాకు అందలేదు. దానికి కారణం ప్రతినిధుల మొహమాటమో, నా బిడియమో కాదు. మీరు కార్యక్రమాన్ని కూర్చిన తీరే కారణమని నా అభిప్రాయం, ఎందుకో వివరంగా రాస్తున్నాను.

సదస్సు ముగిసిన సాయంత్రం మీరు ఏర్పాటు చేసిన బస్సులో విమానాశ్రయానికి వెళ్తుండగా, నా పక్క సీటులోని పెద్దాయనకు ఫోన్ వచ్చింది. "ప్లాస్టిక్ పైపు మీద పైనుంచి సెన్సర్ అంటిస్తే ఏం వినపడుతుందయ్యా, హైడ్రోఫోన్‌ను నీళ్లలోకే దించండి, రెండింటి మధ్య దూరం కూడా తగ్గించండి" అని ఆయన అవతలివారికి చెప్పడం నా చెవిన పడింది. ఈ రంగంలో లేనివారి కోసం ఒక మాట: ఇనుప పైపులో లీకు చేసే చప్పుడు పైపు గోడ వెంట చాలా దూరం పాకుతుంది కనుక, రెండు చోట్ల సెన్సర్లు పెట్టి, ఆ చప్పుడు ఒక్కో దానికి చేరిన సమయాల తేడాను బట్టి లీకు ఎక్కడుందో లెక్క కట్టవచ్చు. ప్లాస్టిక్ పైపు గోడ మాత్రం ఆ చప్పుడును కాస్త దూరంలోనే మింగేస్తుంది; అందుకే అక్కడ నీళ్లలో మునిగి చప్పుడు వినే మైకును, అంటే హైడ్రోఫోన్‌ను, వాడమంటున్నారాయన. మా పరిధిలో సరిగ్గా అలాంటి ప్లాస్టిక్ పైపుల వరుస ఒకటి రెండేళ్లుగా మమ్మల్ని తిప్పలు పెడుతోంది. వాడకం దాదాపు ఆగిపోయే అర్ధరాత్రి 2 నుంచి 4 గంటల మధ్య కూడా మీటరు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి లీకు ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. నేను ఈ సదస్సుకు వచ్చిందే ఆ సమస్యను దాటిన మనిషి ఎవరైనా దొరుకుతారేమోనని. ఆ మనిషి నలభై నిమిషాల బస్సు ప్రయాణంలో, మీ కార్యక్రమ పుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో బొమ్మ గీసి మరీ నాకు విషయం బోధపరిచారు.

ఆయన రెండు రోజులూ నేను కూర్చున్న వరుసలోనే, నాకు నాలుగు కుర్చీల అవతల కూర్చున్నారని మాటల్లో తెలిసింది. ఆ నాలుగు కుర్చీల దూరాన్ని దాటించలేకపోయిన ఏర్పాటు మీద నా ఫిర్యాదు.

మొదటి లోపం సమయానిది. మీ పత్రం ప్రకారం రెండు రోజుల్లో 26 ప్రసంగాలు. పూటకు ఒక విరామం చొప్పున, ఒక్కొక్కటి 15 నిమిషాలు. ప్రతి వక్తా తనకిచ్చిన గడువు దాటి మాట్లాడారు, సభాధ్యక్షులు ఎవరినీ ఆపలేదు, ఆ ఆలస్యమంతా విరామంలోంచే కోసుకున్నారు. రెండో రోజు ఉదయపు విరామాన్ని నేను గడియారం చూసి లెక్కపెట్టాను: తలుపులు తెరుచుకున్నప్పటి నుంచి "దయచేసి లోపలికి రండి" అనే ప్రకటన వినపడేదాకా ఏడు నిమిషాలు. దాదాపు మూడు వందల మంది రెండు తలుపుల గుండా బయటికి రావడానికే అందులో సగం పోయింది. మిగిలిన సగంలో మనిషి కాళ్లు సాచుకుంటాడు, ఇంటికి ఫోన్ చేసుకుంటాడు; ముక్కూమొహం తెలియని వారిని పలకరించి, "మీకు ప్లాస్టిక్ పైపులతో ఇబ్బంది ఉందా" అని అడిగే తీరిక ఎవరికి ఉంటుంది?

రెండో లోపం ప్రశ్నల సమయానిది. ప్రసంగాలు గడువు దాటడంతో చాలా వాటికి ప్రశ్నలే లేకుండా పోయాయి. ఉన్నచోట ఒకే మైకు ముందు వరుసల్లో తిరిగింది, అందుకున్న పెద్దలు ప్రశ్న అడగడానికి బదులు మరో చిన్న ప్రసంగం చేశారు. నేను రెండుసార్లు చెయ్యెత్తాను, రెండుసార్లూ సమయం అయిపోయింది. ఇది నా ఒక్కదాని చిరాకు అనుకోకండి. పది దేశాల్లో దాదాపు 250 సెమినార్లను గమనించి 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో, హాజరైన వారి నిష్పత్తితో పోల్చినా మహిళలు పురుషుల కంటే బాగా తక్కువ ప్రశ్నలు అడుగుతున్నారని, మొదటి ప్రశ్న పురుషుడిదైతే ఆ తేడా ఎక్కువగా కనిపిస్తోందని, ప్రశ్నలకు ఎక్కువ సమయం ఉన్నచోట మహిళల ప్రశ్నలు పెరుగుతున్నాయని తేలింది. మొదటి ప్రశ్న ఎవరికివ్వాలో సభాధ్యక్షుడి చేతిలోనే ఉంటుంది. ప్రసంగం అయ్యాక పక్కవారితో రెండు నిమిషాలు మాట్లాడుకుని, ఆ తర్వాత ప్రశ్నలు అడగమంటే, ఒంటరిగా లేచి నిలబడటానికి జంకే వారు కూడా నోరు విప్పుతారు. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు.

బ్యాడ్జీల గురించి ఎక్కువ రాయను. ప్రాయోజక సంస్థ గుర్తు అరచేతి వెడల్పున, మనిషి పేరు చీమంత అక్షరాల్లో ఉన్న బ్యాడ్జీని చదవాలంటే ఎదుటివారి ఛాతీ మీదికి వంగవలసి వస్తుంది. పైగా అది మాటిమాటికీ వెనక్కి తిరిగిపోతుంది, వెనక వైపు మళ్లీ అదే ప్రాయోజకుల గుర్తు. పేరు రెండు వైపులా పెద్దగా వేసి, దాని కింద 'నేను వెతుకుతున్నది' అని ఒక ఖాళీ గీత వదిలి ఉంటే, నేను అక్కడ ప్లాస్టిక్ పైపు అని రాసుకుని ఉండేదాన్ని.

ఇక అసలు విషయానికి, నేను డబ్బు కట్టిన ఆ 'పరిచయాల వేదిక'కు వస్తాను. మొదటి రోజు సాయంత్రం ఒక గంట సేపు ఒక హాలులో ఎత్తైన బల్లలు వేసి, పక్కవారి మాట వినపడనంత సంగీతం పెట్టి, "కలిసి మాట్లాడుకోండి" అని మమ్మల్ని వదిలేశారు. (మాది నేలకు చెవి ఆనించి బతికే వృత్తి. ఆ చప్పుడులో మా వాళ్లే చేతులెత్తేశారంటే దాని తీవ్రత మీరే ఊహించుకోవచ్చు.) జరగవలసిందే జరిగింది: ఏ కార్యాలయం వారు ఆ కార్యాలయం వారితోనే గుండ్రంగా నిలబడి, పొద్దున్న మాట్లాడుకున్న ఆఫీసు సంగతులే మళ్లీ మాట్లాడుకున్నారు. నేను రెండు గుంపుల దగ్గర కాసేపు అంచున నిలబడి చూశాను, ఎవరూ జరిగి చోటివ్వలేదు, చివరికి గోడ దగ్గర నిలబడి ఫోన్ చూసుకున్నాను.

ఇది ముందే ఊహించగలిగిన ఫలితం. కొలంబియా బిజినెస్ స్కూల్‌కు చెందిన పాల్ ఇంగ్రామ్, మైకేల్ మారిస్ దాదాపు వంద మంది వ్యాపార నిర్వాహకులను ఇలాంటి సాయంత్రానికే పిలిచి, వారికి ఎలక్ట్రానిక్ ట్యాగులు తగిలించి, ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో లెక్కించి, 2007లో ఆ వివరాలు ప్రచురించారు. కొత్తవారిని కలవాలన్నదే తమ ఉద్దేశమని వచ్చేముందు చాలామంది చెప్పారు. తీరా వచ్చాక, ముందు నుంచీ తెలిసినవారి వైపే మొగ్గారు. అంటే హాలు, బల్లలు, ఒక గంట ఖాళీ సమయం ఇస్తే పరిచయాలు వాటంతటవే అయిపోతాయన్న మీ లెక్క తప్పు. మనుషులను కలపడం కూడా ఒక పనే, దానికీ మైకుల వాడికి ఉన్నట్టే ఒక బాధ్యుడు ఉండాలి.

ఈ పని ఎలా చేయాలో తెలియనిది కాదు. హారిసన్ ఓవెన్ అనే నిర్వాహకుడు ఒక ఏడాది శ్రమపడి 1983లో పెద్ద సదస్సు జరిపితే, వచ్చినవారు అన్నింటికన్నా కాఫీ విరామాలే బాగున్నాయన్నారు. ఆయన నొచ్చుకుని ఊరుకోకుండా, 1985లో విరామాన్నే సదస్సుగా మార్చేశారు: ముందే నిర్ణయించిన ప్రసంగాలు ఉండవు, అందరూ వలయంగా కూర్చుంటారు, మాట్లాడదలిచిన అంశాన్ని ఎవరికి వారు కాగితం మీద రాసి గోడకు అంటిస్తారు, నచ్చిన చోటికి వెళ్తారు, ఎక్కడైనా తమకు నేర్చుకోవడానికో ఇవ్వడానికో ఏమీ లేదనిపిస్తే మొహమాటం లేకుండా లేచి మరో చోటికి నడుస్తారు. మీరు సదస్సు మొత్తాన్ని ఇలా మార్చాలని నేను అడగడం లేదు. రెండో రోజు మధ్యాహ్నం ఒక్క పూట ఆ గోడ, ఆ కాగితాలు ఉండి ఉంటే, 'ప్లాస్టిక్ పైపుల్లో లీకులు' అని నేనే ఒక కాగితం అంటించేదాన్ని, ఆ పెద్దాయన తప్పకుండా వచ్చేవారు.

జర్మనీలోని డాగ్‌స్టూల్ కోటలో కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సమావేశాలు జరుగుతాయి. అక్కడ భోజనాల బల్ల దగ్గర ఎవరు ఎక్కడ కూర్చోవాలో పూటపూటకూ యాదృచ్ఛికంగా మారుస్తారు, అందువల్ల మొదటి రోజు ఎవరూ తెలియకుండా వచ్చిన విద్యార్థి కూడా ఏదో ఒక పూట ఆ రంగంలోని పెద్దల పక్కన కూర్చుంటాడు. 1931లో మొదలైన గోర్డన్ పరిశోధనా సదస్సుల్లో ప్రసంగాలు ఉదయం, రాత్రి మాత్రమే. మధ్యాహ్నాలు కావాలనే ఖాళీగా వదులుతారు, అక్కడ విన్నదాన్ని బయట ఉటంకించకూడదన్న నియమం ఉండటంతో పూర్తికాని పని గురించి కూడా ధైర్యంగా మాట్లాడతారు. మా రంగంలో ఆ నియమం ఎంత అవసరమో మీకు తెలియకపోవచ్చు. తన పరిధిలో ఎంత నీరు లెక్కకు రాకుండా పోతోందో ఏ ఇంజనీరూ వేదిక మీద చెప్పడు, తలుపు వేసిన గదిలో పదిమంది తోటివారి మధ్య అయితే చెబుతాడు.

ప్రసంగాలు తగ్గిస్తే ప్రాయోజకులు ఒప్పుకోరని మీ ప్రతినిధి ఫోనులో నాతో అన్నారు. తగ్గించనక్కరలేదు, కుదించవచ్చు. టోక్యోలో 2003లో మొదలైన పెచాకుచా పద్ధతిలో 20 స్లైడ్లు, ఒక్కొక్క దానికి 20 సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు; స్లైడు దానంతటదే మారిపోతుంది కాబట్టి వక్త సాగదీయలేడు. మీ సదస్సులో ఒక ప్రాయోజక సంస్థ ప్రతినిధి తన సంస్థ చరిత్రకే పదకొండు నిమిషాలు తీసుకున్నారు. ఆయన కూడా ఏడు నిమిషాల్లో ముగించి, ఆపైన ఒక బల్ల దగ్గర తన పరికరాన్ని చేతికిచ్చి చూపించి ఉంటే, ఆయన సరుకుకే మేలు జరిగేది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ లేఖ చదివి, వచ్చే ఏడాది మూడు వందల మందిని నిలబెట్టి చప్పట్లు కొట్టించే ఆటలు, బంతి విసిరి పేరు చెప్పించే ఆటలు పెట్టవద్దని మనవి. అలాంటివి నలుగురిలో కలవడానికి ఇబ్బందిపడే వారిని ఇంకా వెనక్కి నెడతాయి. మాకు కావలసింది మాట్లాడటానికి ఒక విషయం, వినపడేంత నిశ్శబ్దం, ఐదారుగురు పట్టే బల్ల. ఒంటరిగా కాసేపు కూర్చోవాలనుకునే వారికి వేరే గది ఉంటే ఇంకా మంచిది. గుంపుగా నిలబడినప్పుడు కొత్తగా వచ్చే మనిషి కోసం ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి నిలబడాలన్న చిన్న నియమాన్ని సాఫ్ట్‌వేర్ సదస్సుల్లో ప్యాక్‌మ్యాన్ నియమం అంటారు, నోరు తెరుచుకుని ఉండే ఆ వీడియో ఆట బొమ్మ ఆకారంలో గుంపు ఉంటుంది కనుక. ప్రారంభ సభలో ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ సాయంత్రం నేను గోడ దగ్గర నిలబడవలసి వచ్చేది కాదు.

పై కారణాల వల్ల, రసీదులో 'పరిచయాల వేదిక' కింద చూపిన మొత్తాన్ని నాకు తిరిగి చెల్లించవలసిందిగా కోరుతున్నాను. నమోదు రుసుములో మిగతా భాగం గురించి నాకు అభ్యంతరం లేదు. ప్రసంగాలు ఇస్తామన్నారు, ఇచ్చారు. అలాగే వచ్చే సదస్సు కార్యక్రమ పత్రం అచ్చుకు వెళ్లేలోపు, విరామాలను అరగంటకు తక్కువ కాకుండా పెట్టి వాటిని ప్రసంగాలు మింగకుండా చూసే బాధ్యత ఎవరిదో, ప్రతినిధులే అంశాలు ఎంచుకునే పూట ఒకటి ఉంటుందో లేదో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా మీ సమాధానం కోసం ఎదురుచూస్తాను. మా కార్యాలయం నుంచి వచ్చే ఏడాది ఆరుగురిని పంపాలన్న ప్రతిపాదన నా బల్ల మీదే ఉంది, మీ జవాబు వచ్చాకే దాని మీద సంతకం పెడతాను.

ఇట్లు
భవదీయురాలు,
ఒక నీటి సరఫరా ఇంజనీరు

జతపరచినవి: నమోదు రసీదు నకలు, కార్యక్రమ పుస్తకం వెనక అట్ట నకలు. అట్ట మీది పెన్సిలు గీతలు బస్సులో గీసినవి. వచ్చే వారం హైడ్రోఫోన్ దించేటప్పుడు అసలు ప్రతి నా దగ్గర ఉండాలి కనుక నకలు మాత్రమే పంపుతున్నాను.