వార్షిక నివేదిక 2024: ఎల్‌వీఎన్ (లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు) చదువు, లైసెన్సు సాయం చేసే ఉపసంఘం తరఫున

సభ్యులందరికీ నమస్కారం.

ఇక్కడ టెక్సస్‌లో మన సంఘం సంక్రాంతి సంబరాల్లో ముగ్గుల పోటీ పక్కన మేం ఒక చిన్న బల్ల వేసుకుని కూర్చున్నాం. బల్ల మీద ఒక అట్టముక్క, దాని మీద స్కెచ్ పెన్నుతో "ఎల్‌వీఎన్ చదువు, లైసెన్సు: అడగండి" అని రాశాం. మొదటి గంటంతా జనం మమ్మల్ని ఇన్సూరెన్స్ వాళ్లనుకుని పక్కనుంచి తప్పుకుని వెళ్లారు. భోజనాలయ్యాక ఒక అత్తగారు వచ్చి గొంతు తగ్గించి అడిగారు. "మా కోడలు గుంటూరులో జీఎన్ఎం నర్సింగ్ చేసిందమ్మా. వచ్చి ఏడాదిన్నరైంది, ఇంట్లోనే ఉంది. ఇక్కడ మళ్లీ మొదట్నుంచీ చదవాలంటగా?"

ఎవరన్నారండీ అంటే, "వాట్సాప్‌లో వచ్చింది" అన్నారు.

ఈ ఏడాది మా ఉపసంఘం చేసిన పనంతా ఆ "అంటగా"ని వదిలించడమే. మేం కోర్సులు నడపం, ఎవర్నీ ఏ స్కూల్లోనూ చేర్పించం, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం. నెలకో శనివారం లైబ్రరీలో ఉచితంగా ఇచ్చే గదిలో కూర్చుని, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తెరుచుకుని, అసలు సమాచారం ఎక్కడుందో అక్కడికే వెళ్లి చదువుకుంటాం. ఇంతేనా అని కొందరు అన్నారు. ఇంతే.

కొత్త సభ్యుల కోసం రెండు ముక్కలు. రోగికి మందులివ్వడం, ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు, బీపీ, షుగర్ చూసి రాయడం లాంటి పనులు రిజిస్టర్డ్ నర్సు లేదా డాక్టర్ పర్యవేక్షణలో చేసే నర్సుని మన టెక్సస్‌లోనూ, కాలిఫోర్నియాలోనూ ఎల్‌వీఎన్ అంటారు. మిగతా రాష్ట్రాల్లో ఎల్‌పీఎన్ అంటారు. పేరే వేరు, రాసే పరీక్ష ఒకటే. ఉద్యోగాలు ఎక్కువగా నర్సింగ్ హోముల్లో (ఇక్కడ ఆ మాటకు అర్థం పెద్దవయసువాళ్లను ఉంచి చూసుకునే చోటు), హోమ్ హెల్త్‌లో, క్లినిక్కుల్లో దొరుకుతాయి. కేంద్ర కార్మిక గణాంకాల శాఖ 2023 మే లెక్క ప్రకారం దేశం మొత్తం మీద మధ్యస్థ జీతం ఏడాదికి 59,730 డాలర్లు. "బీటెక్ చేసి నర్సా?" అని మూతి విరిచే పెద్దవాళ్లకు ఈ అంకె చూపిస్తే కాస్త మెత్తబడుతున్నారు. నేనూ ఎల్‌వీఎన్‌గా నాలుగేళ్లు రాత్రి డ్యూటీలు చేసినదాన్నే కాబట్టి ఆ విరుపు నాకు కొత్త కాదు.

స్కూలు వెతకడం

శనివారం గదిలో మొదటి పని ఎప్పుడూ ఒకటే. టెక్సస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ వెబ్‌సైటు తెరిచి, అనుమతి ఉన్న వొకేషనల్ నర్సింగ్ కోర్సుల జాబితా తీయడం. అందులో స్కూలు పేరు, ఊరు, ప్రస్తుత అనుమతి స్థితి ఉంటాయి. గత కొన్నేళ్లలో ఆ స్కూలు పిల్లలు మొదటిసారి రాసి ఎంత శాతం పాసయ్యారో కూడా ఉంటుంది. బోర్డు పెట్టిన గీత 80 శాతం. అంతకంటే వరసగా తగ్గితే ముందు హెచ్చరిక, ఆ తర్వాత షరతులతో కూడిన అనుమతి. షరతుల్లో ఉన్న కోర్సు కొత్తవాళ్లను చేర్చుకోకూడదు. ఇదంతా ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. అయినా మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఈ పేజీ అంతకుముందు చూశామన్నవాళ్లు ఇద్దరే.

మార్చి నెల కూటమికి ఒక జంట వచ్చారు. ఆయన చేతిలో మడతపెట్టిన రసీదు. స్ట్రిప్ మాల్‌లో, నెయిల్ సెలూన్ పక్కన ఉన్న ఒక శిక్షణ సంస్థకు డిపాజిట్ కట్టేశారు. సీట్లు రెండే మిగిలాయన్నారట, ఈ వారం కడితే తగ్గింపు అన్నారట. జాబితాలో పేరు వెతికాం. లేదు. స్పెల్లింగ్ మార్చి వెతికాం, ఊరు పేరుతో వెతికాం, లేదు. అక్కణ్ణుంచే ఫోన్ చేస్తే, "మాకు అక్రెడిటేషన్ ఉంది, బోర్డు అప్రూవల్ దార్లో ఉంది" అన్నారు. దార్లో ఉన్న అనుమతితో పరీక్ష రాయనివ్వరు. ఆ సంస్థకున్నది మామూలు వృత్తివిద్యా గుర్తింపు (అక్రెడిటేషన్), నర్సింగ్ బోర్డు అనుమతి వేరే సంగతి. డిపాజిట్‌లో కొంత వెనక్కి వచ్చింది, కొంత రాలేదు. ఆయన ఆ రసీదుని నాలుగు మడతలు పెట్టి పర్సులోనే ఉంచుకున్నారు, గుర్తుకోసమట.

ఇంతకంటే పెద్ద మోసం 2023 జనవరిలో దేశమంతా బయటపడింది. ఫ్లోరిడాలో మూడు స్కూళ్ల పేరుతో 7,600కు పైగా నకిలీ నర్సింగ్ డిప్లొమాలు, ట్రాన్‌స్క్రిప్టులు అమ్మారని 25 మంది మీద కేసులు పెట్టారు. డబ్బిచ్చి కొన్నవాళ్లలో వేలమంది పరీక్ష కూడా పాసయ్యారు. టెక్సస్ సహా చాలా రాష్ట్రాల బోర్డులు ఆ లైసెన్సుల వెంటపడ్డాయి. అందుకే "క్లాసులకు రానక్కర్లేదు, గంటలు మేమే వేస్తాం" అనే మాట ఎవరి నోట వినిపించినా అక్కడే లేచి వచ్చేయమని చెబుతున్నాం. టెక్సస్ రూల్ ప్రకారం ఈ కోర్సు కనీసం 1,398 గంటలు, అందులో తరగతి 558, క్లినికల్, అంటే రోగుల దగ్గర నిలబడి చేసే శిక్షణ, 840. కాలిఫోర్నియాలో మొత్తం 1,530. ఇవి కూర్చుని, నిలబడి గడపాల్సిన గంటలు. ఇంట్లో చిన్నపిల్లలున్న అమ్మాయిలకు మేం ముందు చెప్పేది ఫీజు సంగతి కాదు, ఉదయం ఆరున్నరకి క్లినికల్‌కి వెళ్లాలంటే పిల్లల్ని ఎవరు చూస్తారనేది.

కమ్యూనిటీ కాలేజీలు ప్రైవేటు స్కూళ్లకంటే బాగా చవక. కాకపోతే మీ ఇల్లు ఆ కాలేజీ డిస్ట్రిక్టులోకి వస్తుందో రాదో చూసుకోవాలి, దాన్నిబట్టి ఫీజు మారుతుంది. ప్రవేశానికి చాలాచోట్ల టీఈఏఎస్ గానీ హెసీ గానీ, ఏదో ఒక ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్ మార్కుల మెమోని ఇక్కడి హైస్కూలు చదువుతో సమానమని చూపించే ఎవాల్యుయేషన్ కూడా అడుగుతారు. మెమో ఊళ్లో బీరువాలో ఉందనే సమాధానం ఈ ఏడాది చాలాసార్లు విన్నాం. బీరువా తాళం సంగతి ముందే చూసుకోండి.

చేతి మీద మచ్చ

దరఖాస్తులన్నీ అయ్యాక చాలామంది ఆగిపోయింది ఆరోగ్య పరీక్షల దగ్గర. మనవాళ్లందరికీ ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ ఉంటుంది. స్కూలు టీబీ స్కిన్ టెస్ట్ చేయించుకోమంటుంది. ముంజేతి మీద మందు వేసి, రెండు మూడు రోజులయ్యాక వాపుని స్కేలుతో కొలుస్తారు. చిన్నప్పటి టీకా వల్ల కూడా వాపు రావచ్చు. ఒక చెల్లికి అలాగే వచ్చింది. తనకు టీబీ ఉందనుకుని రెండు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, పిల్లాణ్ణి పక్కలో పడుకోబెట్టుకోకుండా గడిపింది. బీసీజీ వేయించుకున్నవాళ్లకు రక్తపరీక్ష ఉంది, ఆ టీకా ప్రభావం దాని మీద పడదు. ఆ ముక్క ముందే తెలిసుంటే ఆ రెండు రాత్రులు ఉండేవి కావు. ఇప్పుడు మేం పంచే మొదటి కాగితం మీద మొదటి వరసే అది: స్కిన్ టెస్ట్ బదులు రక్తపరీక్ష ఒప్పుకుంటారా అని స్కూల్ని అడగండి.

హెపటైటిస్ బి టీకా సంగతీ ఇంతే. మామూలు మూడు డోసులు పూర్తవ్వాలంటే ఆరు నెలలు పడుతుంది. నెలలో రెండు డోసులతో అయిపోయే కొత్త రకం కూడా ఉంది. సీటు వచ్చాక మొదలుపెడదాంలే అనుకుంటే క్లినికల్స్‌కి అడ్డం పడుతుంది.

అక్కడే నర్సింగ్ చదివినవాళ్లు

అత్తగారి ప్రశ్నకు వస్తాను. గుంటూరు కోడలికి మేం చెప్పింది, ఎల్‌వీఎన్ వైపు చూడొద్దని. జీఎన్ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసినవాళ్లు నేరుగా రిజిస్టర్డ్ నర్సు పరీక్షకే దరఖాస్తు చెయ్యొచ్చు. చదువుని, బయటి దేశాల నర్సింగ్ చదువుల్ని చూసే సీజీఎఫ్ఎన్ఎస్ (ఇప్పుడు ట్రూమెరిట్) లాంటి సంస్థ పరిశీలించి రిపోర్టు ఇవ్వాలి, ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. మెడికల్, సర్జికల్, ప్రసూతి, పిల్లలు, మానసిక వైద్యం, ఈ విభాగాలన్నిట్లో పాఠమూ వార్డు పనీ రెండూ చేసినట్టు గంటలతో సహా ట్రాన్‌స్క్రిప్టులో కనబడాలి. ఎక్కడైనా గంటలు తక్కువైతే ఆ ముక్క ఒక్కటే చదవమనొచ్చు, మొత్తం మొదట్నుంచీ అక్కర్లేదు. తెలియక ఏడాది పాటు డబ్బు కట్టి ఎల్‌వీఎన్ చదివిన బీఎస్సీ నర్సు ఒకావిడ మన మధ్యే ఉన్నారు. ఆవిడ ఇప్పుడు మా ఉపసంఘంలో అందరికంటే గట్టిగా మాట్లాడతారు.

ఏఎన్ఎం, అంటే ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఆరోగ్య కార్యకర్తల కోర్సు) చేసి వచ్చినవాళ్ల లెక్క వేరు. వాళ్ల విషయం ఒక్కొక్కరి కాగితాలు చూశాకే బోర్డు తేలుస్తుంది. ముందుగా "అవుతుంది" అని మేం ఎవరికీ మాటివ్వం.

కాగితాలు తెప్పించడమే అసలు తలనొప్పి. ట్రాన్‌స్క్రిప్టు కాలేజీ నుంచి, రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ నర్సింగ్ కౌన్సిల్ నుంచి నేరుగా వెళ్లాలి, మన చేతి మీదుగా వెళ్తే చెల్లదు. 2014కి ముందు ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టరైనవాళ్లకు విజయవాడ వైపు రాయాలా, హైదరాబాద్ వైపు రాయాలా అన్నది మొదటి చిక్కు. ఊళ్లో ఎవరో ఒకరు స్వయంగా వెళ్లి నిలబడితేనే ఫైలు కదులుతోందని మా అనుభవం. అందుకు ఒకరి తమ్ముడు, ఇంకొకరి మేనమామ ఈ ఏడాది మనకోసం తిరిగారు. సంఘం తరఫున వాళ్లకు కృతజ్ఞతలు. రిజిస్టర్డ్ నర్సు పరీక్ష హైదరాబాద్‌లోనూ రాయొచ్చు కాబట్టి, ఇంకా బయల్దేరనివాళ్లు ఉంటే అక్కడే ముగించుకు రమ్మని చెప్పండి.

పేరు

ఎల్‌వీఎన్ పరీక్ష పేరు ఎన్‌క్లెక్స్-పీఎన్. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠం 150, సమయం అయిదు గంటలు. మీ సమాధానాన్నిబట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది కాబట్టి 85 దగ్గర కంప్యూటరు ఆగిపోతే పోయిందని కంగారుపడొద్దు, పాసైనవాళ్లకూ అక్కడే ఆగుతుంది. ఫీజు 200 డాలర్లు పరీక్ష నడిపే పియర్సన్ వ్యూకి, బోర్డు దరఖాస్తు రుసుము వేరు. పరీక్ష తప్పితే మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి. వేలిముద్రలతో బ్యాక్‌గ్రౌండ్ చెక్, టెక్సస్ నర్సింగ్ చట్టం మీద ఆన్‌లైన్ పరీక్ష కూడా ఉంటాయి.

ఆగస్టులో ఒకమ్మాయి పరీక్షా కేంద్రం పార్కింగ్ లాట్ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, లోపలికి రానివ్వలేదు" అంది. గొంతులో ఏడుపు కూడా లేదు, అంతే. రిజిస్ట్రేషన్ పుట్టింటి ఇంటిపేరుతో చేసింది, మెమోల్లో అదే ఉంది కాబట్టి. డ్రైవింగ్ లైసెన్సు మీద అత్తింటి పేరు. ఐడీ మీది పేరు, పరీక్ష అనుమతి మీది పేరు అచ్చం ఒకేలా ఉండాలి. ఆ 200 డాలర్లూ పోయాయి, మళ్లీ రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది. అక్టోబరులో రాసి పాసైంది, అది వేరే సంగతి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, పదో తరగతి మెమోలో ఒక పొడి అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో విడగొట్టి రాస్తారు, పెళ్లయ్యాక ఇంకోటి. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికే మే నెల కూటమి మొత్తం వాడాం. అయినా ఆగస్టులో ఇలా జరిగిందంటే, ఆ అమ్మాయి మే నెలలో రాలేదు.

లైసెన్సు వచ్చాక

టెక్సస్ నర్సుల కాంపాక్ట్‌లో, అంటే లైసెన్సుల మీద రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందంలో ఉంది. ఇక్కడ నివాసం ఉంటూ మల్టీస్టేట్ లైసెన్సు తీసుకుంటే కాంపాక్ట్‌లోని మిగతా రాష్ట్రాల్లోనూ పనిచెయ్యొచ్చు. దానికి సోషల్ సెక్యూరిటీ నంబరు తప్పనిసరి. కాలిఫోర్నియా అందులో లేదు. భర్త ప్రాజెక్టు మారి న్యూజెర్సీ వెళ్లిపోతున్నవాళ్లు మనలో ప్రతి ఏడాదీ ఉంటారు. ఇల్లు మారిన 60 రోజుల్లోగా కొత్త రాష్ట్రంలో దరఖాస్తు చెయ్యాలన్న రూలు 2024 జనవరి 2 నుంచి అమల్లో ఉంది. టెక్సస్‌లో లైసెన్సు రెండేళ్లకోసారి, 20 గంటల కొనసాగింపు శిక్షణతో రెన్యూ చేసుకోవాలి. ఎవరి లైసెన్సు ఏ స్థితిలో ఉందో నర్సిస్ సైటులో ఉచితంగా చూడొచ్చు.

వీసా ప్రశ్నలకు మేం లాయర్లం కాదు. అయినా అందరూ అడిగేవి రెండు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద చదువుకోవచ్చు, ఉద్యోగానికి మాత్రం ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు కావాలి. రిజిస్టర్డ్ నర్సులకు గ్రీన్ కార్డు దారిలో ఉన్న షెడ్యూల్ ఏ (మనుషుల కొరత ఉందని ప్రభుత్వం ముందే ఒప్పుకున్న ఉద్యోగాల జాబితా) సౌకర్యం ఎల్‌వీఎన్‌లకు లేదు. ఎల్‌వీఎన్ పేరు చెప్పి స్పాన్సర్ చేయిస్తామని ఎవరైనా అంటే మాకు ఒక ఫోన్ కొట్టండి.

కుదరనివి

సాయంత్రం కూటమి పెడతామని పోయినేడు చెప్పాం, పెట్టలేకపోయాం. లైబ్రరీ గది అయిదింటికి మూసేస్తారు, ఇళ్లలో పెడితే మాటలు వంటల మీదికి మళ్లుతున్నాయి. మగవాళ్లు అడుగుతున్నారు గానీ రావడం లేదు. ఒకరైతే భార్య కోసమని చెప్పి వివరాలన్నీ తన కోసమే రాసుకుని వెళ్లారు, మాకు అర్థమైంది, ఏమీ అనలేదు. వాట్సాప్ గ్రూపులో శుభోదయాలు ఆపించడం మా వల్ల కాలేదు. కాగితాల ప్రింటింగ్ ఖర్చు కోశాధికారి నివేదికలో ఉంది.

గుంటూరు కోడలి ఫైలు డిసెంబరు ఆఖరికి ఇంకా పరిశీలనలోనే ఉంది. కాలేజీ నుంచి ఒక కవరు చేరింది, కౌన్సిల్ కవరు చేరాలి.

వచ్చే కూటమి జనవరి రెండో శనివారం, పదకొండింటికి, అదే గది. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, పదో తరగతి మెమో మూడూ తెచ్చుకోండి. జిరాక్సులు కాదు, అసలువి.