ముప్పై అయిదు దాటితే సైన్యంలో నర్సు కాకూడదా?

సంపాదకునికి,

సైనిక నర్సింగ్ సర్వీసులో షార్ట్ సర్వీస్ కమిషన్ (కొన్నేళ్ల పాటు అధికారి హోదాలో చేసే కొలువు) కోసం 2023 చివర్లో వెలువడిన ప్రకటనలో వయసు 21 నుంచి 35 ఏళ్లు. వివాహితలూ అర్హులే. నర్సింగ్ డిప్లొమా తర్వాత చదివే పోస్ట్ బేసిక్ బీఎస్సీ డిగ్రీ ఉన్నవారికీ అవకాశం ఉంది. చిక్కంతా ఇక్కడే ఉంది. మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం పూర్తిచేసి, ఇల్లు గడవడానికి ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేసి, పిల్లలు కాస్త ఎదిగాక మళ్లీ రెండేళ్ల డిగ్రీలో చేరేవారు మాలో ఎందరో. నా చేతికి పట్టా వచ్చేసరికి ముప్పై ఆరు నిండాయి. ఐసీయూలో పదేళ్లు పనిచేసిన అనుభవం పుట్టినతేదీ ముందు చెల్లని కాసైంది!

పెళ్లి చేసుకుందని 1988లో ఒక సైనిక నర్సును తొలగించడం తప్పని సుప్రీంకోర్టు 2024లో తేల్చి, 60 లక్షల రూపాయలు చెల్లించమంది. సంసారం కారణంగా చదువు ఆలస్యమైన స్త్రీల సంగతీ పట్టించుకోవాలి కదా? దేహదారుఢ్య పరీక్ష ఎంత కఠినంగానైనా పెట్టండి, పరుగెత్తమంటే పరుగెత్తుతాం. ఐసీయూ వంటి క్రిటికల్ కేర్‌ విభాగాల్లో అనుభవమున్న నర్సులకు రక్షణశాఖ కనీసం అయిదేళ్ల సడలింపు ఇవ్వాలి.

– ఒక నర్సు, కర్నూలు